గండి చూడకుండా వెనక్కి వచ్చినవాడి మనవి

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. 1972లో చేరి 2008లో దిగిపోయేవరకు గుమాస్తాగానే పనిచేసినవాణ్ణి. ఇతరులు చెప్పింది రాసుకోవడమే తప్ప నేను చెబితే ఇతరులు వినడం ఎరగను. కానీ అధ్యక్షులవారు "పడింది మీరు కాబట్టి మాట్లాడాల్సింది కూడా మీరే" అన్నారు. న్యాయమే. కాదనలేకపోయాను.

విషయం మీ అందరికీ తెలిసిందే. పోయిన ఫిబ్రవరిలో మన సంఘం గండికోట యాత్ర పెట్టింది. అక్కడ నేను కింద పడ్డాను. ఎడమ చేతి మణికట్టు విరిగింది. ఆ తరువాత జరిగిన కార్యవర్గ సమావేశంలో "ఈ వయసులో కొండలు, గుట్టలు మనకెందుకు, ఇకమీదట యాత్రలు మానేద్దాం" అని ఒక ప్రతిపాదన వచ్చింది. అది ఈ రోజు మధ్యాహ్నం సర్వసభ్య సమావేశం ముందుకు వస్తున్నది. మీరు చేతులెత్తే ముందు నా మాట నాలుగు నిమిషాలు వినాలని కోరుతున్నాను. నాలుగు నిమిషాలు అన్నది మర్యాదకు. కాస్త ఎక్కువే పడుతుంది, మన్నించాలి.

ముందుగా 'గండి' అనే మాట గురించి. సర్వీసులో ఉన్నప్పుడు ఆ మాట వింటేనే నాకు గుండె దడ. తాలూకాఫీసులో గండి అంటే చెరువు కట్టకు పడిన గండి. వాన కురిసిన రాత్రి తలారి తడిసి ముద్దై వచ్చి "సార్, చెరువు తెగింది" అంటే చాలు, తెల్లారేసరికి జాబితా తయారు కావాలి. ఎన్ని ఎకరాలు ఇసుక మేట వేసింది, ఎన్ని గొడ్లు కొట్టుకుపోయాయి, ఎన్ని ఇండ్లు కూలాయి. అప్పుడు పెట్రోమాక్స్ లైటు కింద కూర్చొని రాసిన జాబితాలు ఇప్పటికీ కలలోకి వస్తాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు టీవీ ముందు కూర్చొని నేను పడిన బాధ మా ఇంట్లోవాళ్లకు తెలుసు.

నీళ్లు ఒక్క రాత్రిలో పెట్టే గండి అది. అవే నీళ్లు తొందర లేకుండా, లక్షల ఏళ్లు తీసుకొని, కొండకు పెట్టే గండి ఇంకొకటి ఉంది. మన అదృష్టం ఏమంటే, కరువు సీమ అని పేరు పడ్డ మన ప్రాంతంలో అలాంటివి రెండు ఉన్నాయి. ఒకటి పెన్న పెట్టింది, గండికోట. ఇంకొకటి మన పాపాఘ్ని పెట్టింది, వేంపల్లెకు పది కిలోమీటర్ల లోపలే ఉన్న గండి.

మన గండిని మనం వీరాంజనేయస్వామి గుడిగానే చూస్తాం. శ్రావణ శనివారాలు పోతాం, టెంకాయ కొడతాం, వస్తాం. తల ఎత్తి అటూ ఇటూ ఉన్న కొండలను చూసేవాళ్లు తక్కువ. పాపాఘ్ని కర్ణాటకలో నందికొండల దిక్కున పుట్టి, ఇక్కడికి వచ్చి, అడ్డంగా ఉన్న కొండల వరుసను చీల్చుకొని, మన ఊరి పక్కగా పోయి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. చుట్టుదారి వెతుక్కోకుండా కొండలో నుంచే దారి చేసుకుంది. స్థలపురాణం ప్రకారం వాయుదేవుడు శ్రీరామునికి స్వాగతంగా ఈ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడు. రాముడు బాణం మొనతో రాతి మీద ఆంజనేయుని రూపం గీసి, చిటికెన వేలు ఒక్కటి మిగిల్చి వెళ్లాడు. ఆ తోరణం పుణ్యాత్ములకే, అదీ చివరి రోజుల్లోనే కనిపిస్తుందని మన పెద్దల నమ్మకం. 1800లో నిజాము నుంచి దత్తమండలాలు కుంఫిణీ చేతికి వచ్చినప్పుడు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు అది కనబడిందని, ఆ తరువాత ఎక్కువ కాలం బతకలేదని చెప్పుకుంటారు. మన్రో మద్రాసు గవర్నరుగా ఉండగా 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. అది చరిత్ర. తోరణం కథ నమ్మకం. రెవెన్యూ శాఖవాణ్ణి కాబట్టి రెండింటినీ వేరు వేరు దస్త్రాల్లో పెట్టుకుంటాను.

ఇంకొక సంగతి. ఇది చాలామందికి తెలియదు, నాకూ రిటైరయ్యాకే తెలిసింది. మన ఊరి పేరు భూగర్భశాస్త్రం చదివేవాళ్లందరికీ తెలుసు. విలియం కింగ్ అనే శాస్త్రవేత్త కడప, కర్నూలు ప్రాంతాల రాళ్ల మీద 1872లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆ శాస్త్రంలో మన దిక్కు రాళ్లకు 'పాపాఘ్ని వర్గం' అని పేరు. అందులో అడుగున ఉన్నది గువ్వలచెరువు రాయి, దాని పైన ఉన్నది 'వేంపల్లె శిలాశ్రేణి'. గండికోట అంచున ఉన్న ఎర్రటి గట్టిరాయి 'గండికోట క్వార్ట్‌జైట్'. వేంపల్లె రాయి వయసు దాదాపు రెండు వందల కోట్ల సంవత్సరాలు. అప్పట్లో ఇదంతా లోతు తక్కువైన సముద్రం. చేప లేదు, చెట్టు లేదు. కంటికి కనబడని సూక్ష్మజీవులు మాత్రమే పొర మీద పొర వేసుకుంటూ పోయాయి. ఆ పొరల గుర్తులు ఇప్పటికీ మన రాళ్లలో ఉన్నాయి. మనం డెబ్బై ఏళ్లకే ముసలివాళ్లమయ్యామని మూల కూర్చుంటే ఆ రాళ్లు నవ్వుతాయి.

ఇక గండికోట. ఎర్రమల కొండలను పెన్న చీల్చిన చోట, మూడు వందల అడుగుల లోతున్న లోయ అంచున కట్టిన కోట అది. 1123లో కాకరాజు మొదట కట్టించాడని గండికోట కైఫీయతు చెబుతుంది. తరువాత పెమ్మసాని నాయకులు విజయనగర రాజులకు అండగా ఉండి తరతరాలు ఏలారు. పదిహేడో శతాబ్దం నడుమ గోలకొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు అక్కడికి పోయి మీర్ జుమ్లాను చూసి, కోట ఎంత దుర్భేద్యమో తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. ఒక పక్క కందకం తవ్వే పని లేదు, పెన్నే తవ్వి పెట్టింది. లోపల మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి అన్నీ ఒక్క చూపులో కనబడతాయి. పారిస్ నుంచి వచ్చినాయన చూసిపోయిన చోటును, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు మీదుగా ఒక్క పూటలో పోయిరాగల నేను డెబ్బై దాటేదాకా చూడలేదు. ఇతరుల ఎల్టీసీ బిల్లులు ఎన్ని వందలు పాస్ చేయించానో లెక్క లేదు. కాశ్మీరు బిల్లు చూశాను, కన్యాకుమారి బిల్లు చూశాను. గండికోట చూడలేదు.

ఇప్పుడు ఫిబ్రవరి సంగతికి వస్తాను. దాచకుండా చెబుతాను, ఎందుకంటే తప్పు యాత్రది కాదు, నాది.

ఆ రోజు ముప్పై ఎనిమిది మందిమి బస్సులో బయలుదేరాం. ఏడు గంటలకు అనుకున్నది ఎనిమిదిన్నర అయ్యింది. దారిలో ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనులు చూస్తూ, జమ్మలమడుగులో టిఫిన్లు చేస్తూ, కోటకు చేరేసరికి పదకొండు. మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం చూసి, లోయ దిక్కు నడక మొదలుపెట్టేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. రెండు జట్లుగా పోదామని కార్యదర్శిగారు చెప్పారు. నేను మొదటి జట్టులో చేరాను. అందరికంటే ముందు నడిచాను.

నేను చేసిన తప్పులు వరుసగా చెబుతాను. ఒకటి, బీపీ మాత్ర వేసుకున్నాను. అది మూత్రం ఎక్కువ పోయేలా చేసే రకం. దారిలో ఇబ్బంది అని పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదు. రెండు, చేతికర్ర బస్సులోనే వదిలేశాను. పదిమంది ముందు కర్ర పట్టుకోవడం నామోషీ అనిపించింది. మూడు, కాళ్లకు తోలు చెప్పులు. కార్యాలయానికి పోయినట్లు పోయాను. నాలుగు, నడుమ ఒక రాయి మీద కూర్చొని, వెనక వచ్చేవాళ్లు చూస్తున్నారని గబుక్కున లేచాను. లేవగానే కళ్లు తిరిగాయి. గులకరాళ్ల మీద చెప్పు జారింది. చేయి ఆనించబోయాను, మణికట్టు పటుక్కుమంది.

లోయ అంచుకు ఇంకా చాలా దూరం ఉంది. అందువల్లే ఈ రోజు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను. జనవరిలో ట్రెజరీకి పోయి, బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వచ్చాను. ఆ కాగితం మీది సంతకం ఆరకముందే అది అబద్ధమయ్యేది.

అక్కడితో యాత్ర ఆగిపోయింది. నన్ను మోసుకొని బస్సు దగ్గరికి తెచ్చారు, జమ్మలమడుగులో కట్టు కట్టించారు. మొదటి జట్టులో అంచు దాకా పోయినవాళ్లు పదకొండు మంది. మిగిలిన ఇరవై ఏడు మంది కోట చూసి, గండి చూడకుండానే ఇంటికి వచ్చారు. ఆ ఇరవై ఏడు మందిలో నేనొకణ్ణి, నా పక్కన ఉన్నందుకు మా ఇంటావిడ ఒకతె.

ఆరు వారాలు చేయి మెడకు వేలాడదీసుకొని వరండాలో కూర్చున్నాను. వచ్చినవాళ్లందరూ ఒకే మాట. "ఈ వయసులో మీకెందుకు సార్ ఇవన్నీ?" వినీ వినీ నాకూ అదే నిజమనిపించింది. యాత్రలు ఆపాలన్న ప్రతిపాదన కాగితం మా ఇంటికి వచ్చినప్పుడు సంతకం పెట్టడానికి కలం కూడా తీశాను.

ఆ సాయంత్రమే ఒక చెల్లెలు పలకరించడానికి వచ్చింది. పేరు చెప్పను, సభలోనే ఉంది. ఆమె భర్త మా ఆఫీసులో అటెండరు. సర్వీసులో ఉండగానే పోయాడు. కుటుంబ పింఛను మీద ముగ్గురు పిల్లలను చదివించింది. అరటిపండ్లు పక్కన పెట్టి, క్షేమం అడిగి, కాగితం సంగతి తెలిసి ఒక్క మాట అంది.

"పడింది నువ్వు. ఇంట్లో కూర్చోవాల్సింది మేమా, అన్నా?"

నాకు నోట మాట రాలేదు. ఆమె కోపంగా అనలేదు. ఉన్నమాట అడిగినట్లు అడిగింది. "నువ్వు మగోనివి. బుద్ధి పుడితే కొడుకు కారులో రేపైనా పోతావు. నేను ఎవరితో పోవాల? చందా డబ్బు మూడు నెలలు కూడబెట్టుకుంటిని. గుడికి తప్ప గడప దాటి ఎరగను. బస్సు నిండా మనోళ్లు ఉండారని మా కోడలు పంపించింది. సంఘం బస్సు లేకుంటే మాకు గండికోట లేదు" అంది.

కలం మూసేశాను.

అప్పుడు నాకు ఈ దినోత్సవం సంగతి గుర్తుకు వచ్చింది. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పింఛను దొర ఇచ్చే బహుమానం కాదు, దయాభిక్ష కాదు, చేసిన సేవకు వచ్చే హక్కు అన్నది. వృద్ధాప్యంలో మనిషి మర్యాదగా బతకడానికి అన్నది. ఏటా ఈ వేదిక మీద ఆ తీర్పు గురించి మాట్లాడుకుంటాం, కరువు భత్యం బకాయిల గురించి తీర్మానాలు చేస్తాం. మంచిదే. కానీ మర్యాదగా బతకడమంటే మాత్రలు కొనుక్కొని మంచం మీద కూర్చోవడమేనా? మన ఊరి పక్క నది కొండకు ఏం చేసిందో ఒకసారి కళ్లారా చూడటం దానిలోకి రాదా?

అయితే ఊరికే మాటలు చెబితే సభ నమ్మదు. ఆధారం కావాలి. అందుకని కట్టు విప్పి, చేయి బాగుపడి, వానలు వెనకబడిన తరువాత, పోయిన నెలలో మళ్లీ గండికోటకు పోయాను. నేను, మా ఇంటావిడ, బండి నడపడానికి మా అబ్బాయి. మా ఇంటావిడ ఆ చెల్లెలిని కూడా పిలిచింది. ఈసారి అన్నీ తిరగేసి చేశాం. డాక్టరును ముందుగా అడిగాం. ఆ పూట మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఆయనే చెప్పారు. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం. జమ్మలమడుగులో కాలకృత్యాలు ముగించుకున్నాం. సీసాలో నీళ్లు, సద్దిలో చిత్రాన్నం, పెరుగన్నం. కాళ్లకు పట్టు ఉన్న బూట్లు, చేతిలో కర్ర. కర్ర పట్టుకుంటే ఎవరూ నవ్వలేదు. ఒక కుర్రవాడు దారి ఇచ్చాడు కూడా.

మసీదు దాటి, రంగనాథస్వామి గుడి పక్కగా నడిచాం. కుర్రవాళ్లకు పావుగంట నడక. మాకు నలభై నిమిషాలు పట్టింది. మూడు చోట్ల కూర్చున్నాం. లేచేటప్పుడు కర్ర ఆనించి, నిలబడి, పది లెక్కపెట్టి అడుగు వేశాం. చివరన పెద్ద పెద్ద బండలు వస్తాయి. వాటి మీదికి ఎక్కితే నిట్టనిలువు అంచు. మేము ఎక్కలేదు. అంచుకు ఇరవై అడుగుల ఇవతల చదునైన బండ ఒకటి ఉంది, దాని మీద కూర్చున్నాం. అక్కడి నుంచి అంతా కనబడుతుంది.

ఏం చూశానో నాకు వచ్చిన మాటల్లో చెబుతాను. మా పాత ఆఫీసులో రికార్డు గది ఉండేది. గోడల నిండా చెక్క బీరువాలు, నేల నుంచి కప్పు దాకా ఎర్రగుడ్డలో కట్టిన దస్త్రాల కట్టలు, నడుమ మనిషి పట్టేంత సందు. ఆ గదిని దేవుడు కట్టిస్తే ఎట్లుంటుందో అది గండికోట లోయ. రెండు పక్కలా ఎర్రటి రాతికట్టలు ఒకదాని మీద ఒకటి, కొన్ని ముందుకు జరిగి, కొన్ని వెనక్కి ఒరిగి, ఏ క్షణాన జారతాయో అన్నట్లు. అడుగున పచ్చటి నీళ్లు, కదులుతున్నాయా లేదా తెలియనంత నెమ్మదిగా. గద్దలు మనకు పైన కాదు, కిందుగా తిరుగుతున్నాయి. గద్ద వీపు చూడటం నా జీవితంలో అదే మొదలు. పొద్దు ఎక్కేకొద్దీ ఎదుటి గోడ మీద నీడ దిగుతూ పోయింది, రాళ్లు ఎర్రబడుతూ వచ్చాయి.

ఎవరమూ మాట్లాడలేదు. కాసేపటికి ఆ చెల్లెలు కొంగుతో ముఖం తుడుచుకొని, "ఇంత దగ్గర ఉన్నిందా అన్నా ఇది!" అంది. అంతే. మా ఇంటావిడ ఆమె చేయి పట్టుకుంది. నేను అటు చూడలేదు, పెన్న దిక్కే చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదిన్నరకల్లా నీడలోకి వచ్చేశాం. మాధవరాయస్వామి గుడి దగ్గర సద్ది తిన్నాం. మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. మరుసటి రోజు మోకాళ్లు కాస్త నొచ్చాయి. గండికోట పోకపోయినా అవి నొస్తాయి.

కాబట్టి సభవారికి నా మనవి ఏమంటే, యాత్రలు మానేద్దామన్న ప్రతిపాదనకు సవరణగా, యాత్రలు పద్ధతిగా చేద్దామని తీర్మానించాలి. పద్ధతి అంటే ఏమిటో గుమాస్తా అలవాటు ప్రకారం అంశాలవారీగా చెబుతాను.

మొదటిది, ఓపికను బట్టి మూడు రకాల యాత్రలు. ఏమాత్రం నడవలేనివాళ్లకు కూడా మన గండి ఉంది. ఒక్క పూట చాలు. శ్రావణం రద్దీలో కాకుండా మామూలు రోజు పోయి, దర్శనం చేసుకొని, ఏటి గట్టున కూర్చొని కొండలు చూడవచ్చు. కాస్త నడవగలిగేవాళ్లకు గండికోట. ఇంకా ఓపిక ఉన్నవాళ్లకు, జలపాతం చూడాలన్న కోరిక ఉన్నవాళ్లకు తలకోన. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో, శేషాచలం అడవిలో 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు దూకుతాయి. అయితే అక్కడ అడవిదారి, తడిస్తే జారే బండలు. నీళ్లలో దిగమని ఎవరు పిలిచినా దిగకూడదు. అక్కడికి ఒక రాత్రి బస పెట్టుకొని పోవాలి.

రెండవది, కాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యే. మార్చి వచ్చిందంటే మన ఎండ సంగతి మీకు చెప్పాలా? పొద్దు పొడిచేసరికి చేరాలి, పది దాటాక రాళ్ల మీద ఉండకూడదు.

మూడవది, ప్రతి ఒక్కరి జేబులో ఒక కార్డు. పేరు, వయసు, రక్తం గ్రూపు, వేసుకునే మందులు, ఇంటివాళ్ల ఫోను నంబరు. రాయడం రాని అమ్మలకు నేను రాసిపెడతాను. వందల ఫారాలు నింపినవాణ్ణి, ఇదొక లెక్క కాదు.

నాలుగవది, జోడు. ఒంటరిగా ఎవరూ నడవరాదు. ఇద్దరిద్దరు కలిసి పోవాలి, ఒకరు కూర్చుంటే రెండోవారూ కూర్చోవాలి. చేతికర్ర ఉన్నవాళ్లు దాన్ని బస్సులో వదలరాదు. ఈ నిబంధనకు నా పేరు పెట్టినా అభ్యంతరం లేదు.

ఐదవది, అంచు. గండికోటలో అంచుకు ఇరవై అడుగుల ఇవతలే మన గీత. కూర్చొనే చూడాలి. ఫోటో కోసం వెనక్కి వెనక్కి అడుగులు వేయడం, మనవళ్లను బండల మీద నిలబెట్టడం వద్దే వద్దు. మన వెంట వచ్చే కొడుకులు, కూతుళ్లు కూడా ఈ మాట వినాలి. జారడానికి వయసుతో పని లేదు.

చివరగా, మనకు చేతనైన పని ఒకటి. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం గండికోట అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ పనుల్లో వృద్ధుల సౌకర్యం కూడా చూడమని మనం అడగాలి. దారి పొడవునా వంద అడుగులకొక కూర్చునే బల్ల, పట్టుకోవడానికి కమ్మీ, తాగునీరు, దగ్గరలో మరుగుదొడ్డి, చక్రాల కుర్చీ పోయేంత చదును దారి ఒకటి. కోట పురావస్తుశాఖ రక్షణలో ఉన్నది కాబట్టి రాళ్లకు, కట్టడాలకు దెబ్బ తగలకుండా చేయమని కూడా రాయాలి. అర్జీ రాయడం మన చేతిలో విద్య. ఎవరికి పంపాలి, ఎవరికి ప్రతి పెట్టాలి, ఎప్పుడు జ్ఞాపిక వేయాలి మనకు తెలిసినట్లు కుర్రవాళ్లకు తెలియదు. ముసాయిదా నా సంచిలోనే ఉంది. మధ్యాహ్నం సమావేశంలో చదువుతాను, తప్పులుంటే దిద్దండి, సంతకాలు పెట్టండి.

ఫిబ్రవరిలో నా వల్ల ఇరవై ఏడు మంది గండి చూడకుండా తిరిగి వచ్చారు. నేను, మా ఇంటావిడ, ఆ చెల్లెలు చూసేశాం. ఇంకా ఇరవై నలుగురు మిగిలారు. ఆ బాకీ నా మీద ఉంది. వచ్చే జనవరిలో సంఘం మళ్లీ గండికోట బస్సు పెడితే, అందరికంటే వెనక, కర్ర పట్టుకొని, ఆ ఇరవై నలుగురిని ఆ చదును బండ దాకా చేర్చే బాధ్యత నేను తీసుకుంటాను. అదే నెలలో లైఫ్ సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి కదా. ముందు ఆ కాగితం ఇచ్చి, తరువాత బస్సెక్కుదాం. బతికి ఉన్నామని ట్రెజరీకి రాసిచ్చిన మాట నిజమని మనకూ తెలియాలి.

సవరణను బలపరచమని మరొక్కసారి మనవి చేస్తున్నాను.